హైదరాబాద్ నుంచి విమాన ప్రయాణం: దూరం, సమయం సరిగ్గా లెక్కపెట్టుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఎంత దూరం? ఒకరిని అడిగితే 1,260 కిలోమీటర్లు అంటారు, ఇంకొకరు దాదాపు 1,600 అంటారు. ఎంతసేపు పడుతుందంటే ఒకరు రెండు గంటలంటారు, మొన్ననే వెళ్లొచ్చిన వాళ్లు ఏడు గంటలంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెబుతున్నారు, అంతే.

మీకు ఏ లెక్క కావాలో తెలిస్తే మిగతాది కష్టం కాదు. కింద చెప్పిన వరుసలోనే చేయండి. వరుస మారిస్తే, ముఖ్యంగా విదేశీ ప్రయాణాల్లో, తేదీ దగ్గరే దెబ్బ తింటారు.

1. ముందుగా చేతిలో ఉండాల్సినవి

- టికెట్, లేదా కొనాలనుకుంటున్న విమానం నంబరు
- బయలుదేరే, దిగే విమానాశ్రయాల పూర్తి పేర్లు, మూడక్షరాల కోడ్‌లు (శంషాబాద్‌కు హెచ్‌వైడీ)
- ఇంటి నుంచి శంషాబాద్‌కు, అక్కడ దిగాక వెళ్లాల్సిన చోటికి రోడ్డు దూరం
- కాగితం, పెన్ను

ఊరి పేరు ఒక్కటే చూసుకుని ఊరుకోకండి. గోవాకు రెండు విమానాశ్రయాలున్నాయి. డబోలిం వాస్కో దగ్గర, మోపా రాష్ట్రం ఉత్తరపు కొసన. కలంగూట్‌లో గది తీసుకున్నవాళ్లకూ, దక్షిణ గోవాలో తీసుకున్నవాళ్లకూ ఏది దగ్గరో పూర్తిగా మారిపోతుంది. లండన్‌లో హీత్రో, గాట్విక్ ఉన్నాయి. ముంబైకి ఇప్పుడు నవీ ముంబై కూడా తోడైంది. ఢిల్లీ పెద్ద విమానాశ్రయంలో టెర్మినళ్లు వేరు, ఒకటో టెర్మినల్ నుంచి మిగతావాటికి నడిచి వెళ్లేంత దగ్గర కాదు.

2. మీకు కావాల్సింది ఏ దూరం?

దూరాలు మూడు రకాలు.

మొదటిది రోడ్డు దూరం. కారులోనో బస్సులోనో వెళ్లేవాళ్లకే ఇది పనికొస్తుంది. బెంగళూరుకు రోడ్డు మీద సుమారు 570 కిలోమీటర్లు, ఆకాశంలో 455.

రెండోది భూమి గుండ్రనాన్ని లెక్కలోకి తీసుకుని, రెండు విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దారిగా కొలిచే దూరం. ఆన్‌లైన్‌లో ‘విమాన దూరం’ అని కనిపించేది సాధారణంగా ఇదే.

మూడోది విమానం నిజంగా తిరిగిన దూరం. ఇది ఎప్పుడూ రెండోదానికంటే కాస్త ఎక్కువే ఉంటుంది. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. ఉత్తరాన ఉన్న ఢిల్లీకి వెళ్లే విమానమైనా ముందు తూర్పుకో పడమరకో లేచి, తర్వాతే ఉత్తరానికి తిరగాలి. దిగేచోట రద్దీ ఉంటే గాల్లో చక్కర్లు కొట్టాలి. పైగా ఏ దేశం మీదుగా వెళ్లనిస్తారన్నది కూడా చూడాలి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన దేశ విమాన సంస్థలకు తన గగనతలం మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వైపు వెళ్లే మన విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది. రెండు ఊళ్ల మధ్య దూరం మారకపోయినా ప్రయాణ సమయం పెరగడానికి ఇలాంటివే కారణం.

ప్లాన్ వేసుకోవడానికి రెండో దూరం చాలు.

3. దూరం కొలవడం

సులువైన పద్ధతి గూగుల్ మ్యాప్స్. కంప్యూటర్‌లో శంషాబాద్ విమానాశ్రయం మీద మౌస్ కుడి బటన్ నొక్కి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండో విమానాశ్రయం మీద నొక్కండి. ఫోన్‌లో అయితే ఆ చోట వేలు నొక్కిపట్టి, కింద వచ్చే వివరాల్లో అదే ఆప్షన్ చూడండి. ‘డైరెక్షన్స్’ నొక్కితే రోడ్డు దూరమే వస్తుంది. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

చేత్తో చేసి చూడాలనుకునే పిల్లలకూ, పెద్దలకూ ఒక పద్ధతి ఉంది. మన దేశం లోపలి దూరాలకు బాగా సరిపోతుంది.

- శంషాబాద్: అక్షాంశం 17.24, రేఖాంశం 78.43
- ఢిల్లీ విమానాశ్రయం: అక్షాంశం 28.57, రేఖాంశం 77.10
- అక్షాంశాల తేడా 11.33. ఒక్కో డిగ్రీ 111 కిలోమీటర్లు కాబట్టి 1,258
- రేఖాంశాల తేడా 1.33. రేఖాంశ డిగ్రీ ఉత్తరానికి పోయేకొద్దీ చిన్నదవుతుంది: హైదరాబాద్ దగ్గర 106, ఢిల్లీ దగ్గర 98. మధ్యలో 102 అనుకుంటే 136
- రెండింటి వర్గాలు కూడి, వర్గమూలం తీస్తే సుమారు 1,265

అసలు దూరం దాదాపు 1,260. కాగితం మీద చేసిన లెక్కకు ఇంత దగ్గరగా రావడం చాలు. లండన్ లాంటి దూరాలకు మాత్రం ఇది వాడకండి, భూమి వంపు వల్ల తప్పు వస్తుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. గోడ మీద వేలాడే ప్రపంచ పటంలో స్కేలు పెట్టి దారి గీయకూడదు. హైదరాబాద్, డల్లాస్‌ల మధ్య అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువం దగ్గరగా పోతుంది. పటం మీద చూస్తే అది నమ్మబుద్ధి కాదు. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం లాగి పట్టుకోండి, వెంటనే అర్థమవుతుంది.

కొన్ని వెబ్‌సైట్లు నాటికల్ మైళ్లలో చూపిస్తాయి. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఢిల్లీకి 680 అని కనిపిస్తే కంగారు పడకండి, అది 1,260 కిలోమీటర్లే.

4. దూరం నుంచి సమయం రాబట్టడం

ఎయిర్‌బస్ 320 లాంటి జెట్ విమానం పైకి చేరాక గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అయితే గేటు నుంచి కదిలి రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం, మళ్లీ గేటు దాకా పాకడం, ఇవన్నీ నెమ్మదిగా జరిగే పనులు. అందుకే నేను వాడే సూత్రం ఇది:

కిలోమీటర్లను 800తో భాగించండి. వచ్చిన గంటలకు 35 నిమిషాలు కలపండి.

ఢిల్లీకి 1,260ని 800తో భాగిస్తే గంటా 35 నిమిషాలు. 35 కలిపితే రెండు గంటల పది నిమిషాలు. టికెట్ల మీద ఉండేదీ అంతకు అటూ ఇటూగానే.

రెక్కల మీద పంకాలు తిరిగే ఏటీఆర్ విమానమైతే వేగం గంటకు 500 ప్రాంతంలోనే. అప్పుడు 480తో భాగించి 20 నిమిషాలు కలపండి. తిరుపతి దూరం సుమారు 415 కిలోమీటర్లు, ఏటీఆర్‌లో గంటా పావు పడుతుంది. మీది ఏ విమానమో బుకింగ్ చేసేటప్పుడు వివరాల్లో రాసి ఉంటుంది.

శంషాబాద్ నుంచి ఎక్కువమంది అడిగే ఊళ్లు (దూరం, ఆగకుండా వెళ్లే విమానంలో మామూలుగా పట్టే సమయం):

- బెంగళూరు: 455 కి.మీ., గంటా 10 నుంచి గంటా 20 నిమిషాలు
- చెన్నై: 505 కి.మీ., దాదాపు అంతే
- విశాఖపట్నం: 510 కి.మీ., గంటా 10 నుంచి గంటా 25 నిమిషాలు
- ముంబై: 620 కి.మీ., సుమారు గంటన్నర
- కోల్‌కతా: 1,205 కి.మీ., రెండు గంటల పైన కొద్దిగా
- ఢిల్లీ: 1,260 కి.మీ., 2 గంటల 10 నుంచి 25 నిమిషాలు
- దుబాయ్: 2,550 కి.మీ., వెళ్లేటప్పుడు నాలుగు గంటల లోపు, వచ్చేటప్పుడు అరగంట దాకా తక్కువ
- సింగపూర్: 3,300 కి.మీ., సుమారు నాలుగున్నర గంటలు
- లండన్: 7,750 కి.మీ., వెళ్లడానికి సుమారు పది గంటలు

దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు? పై ఎత్తుల్లో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద అది ఇంకా బలంగా ఉంటుంది. తూర్పుకు వచ్చే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది, పడమరకు వెళ్లేదానికి ఎదురొస్తుంది. కాబట్టి పోయే సమయాన్నే వచ్చే సమయంగా రాసుకోవద్దు.

లెక్క సరిచూసుకోవాలంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి చోట మీ విమానం నంబరు కొట్టండి. గత కొద్ది రోజుల్లో ఆ విమానం ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో కనిపిస్తుంది. నాకు సూత్రం కంటే దీని మీదే ఎక్కువ నమ్మకం.

5. టికెట్ మీద సమయం దేన్ని చెబుతుంది?

టికెట్ మీది బయలుదేరే సమయం విమానం గేటు నుంచి కదిలే సమయం. చేరే సమయం అంటే అవతల గేటు దగ్గర ఆగే సమయం. నేల విడిచేది, నేల తాకేది వేరు. అందుకే ‘అరగంట ఆలస్యంగా లేచినా టైమ్‌కే చేరాం’ అని చాలామంది ఆశ్చర్యపోతారు. విమాన సంస్థలు రద్దీని ఊహించి కొంత సమయం ముందే కలిపి ఉంచుతాయి.

కానీ దాన్ని నమ్ముకుని దిగిన గంటలోనే పెళ్లి ముహూర్తమో ఇంటర్వ్యూనో పెట్టుకోకండి. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచుకు తెల్లవారుజాము విమానాలు గంటల తరబడి ఆగిపోతాయి. ఆ నెలల్లో ఢిల్లీ పని ఉంటే మధ్యాహ్నం విమానం తీసుకోండి, లేదా ముందురోజే వెళ్లండి.

6. టైమ్ జోన్ లెక్క

టికెట్ మీద ప్రతి సమయమూ ఆయా ఊరి స్థానిక సమయమే. మన దేశంలో అంతటా ఒకే సమయం కాబట్టి దేశం లోపల ఇబ్బంది లేదు. బయటికి వెళ్తే ఇలా:

- దుబాయ్ మనకంటే గంటన్నర వెనక
- సింగపూర్ రెండున్నర గంటలు ముందు
- లండన్ చలికాలంలో ఐదున్నర, వేసవిలో నాలుగున్నర గంటలు వెనక
- డల్లాస్ చలికాలంలో పదకొండున్నర, వేసవిలో పదిన్నర గంటలు వెనక

బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి తిప్పుతారు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. ఈ రోజుల చుట్టుపక్కల ప్రయాణమైతే రెండుసార్లు చూసుకోండి.

జూలైలో ఒక అమ్మ డల్లాస్‌లో కూతురి దగ్గరకు వెళ్తోందనుకుందాం. 14వ తేదీ తెల్లవారుజామున 4.20కి శంషాబాద్‌లో బయలుదేరి, దుబాయ్‌లో అక్కడి సమయం 6.50కి దిగింది. 9.30కి రెండో విమానం ఎక్కింది. 14వ తేదీ సాయంత్రం 4.30కి డల్లాస్ చేరింది.

టికెట్ మీద పైపైన చూస్తే పన్నెండు గంటల ప్రయాణంలా ఉంటుంది. సరైన లెక్క కోసం అన్ని సమయాలనూ మన సమయంలోకి మార్చండి. డల్లాస్‌లో సాయంత్రం 4.30 అంటే మనకు 15వ తేదీ తెల్లవారుజామున 3 గంటలు. 14న 4.20 నుంచి 15న 3 గంటల దాకా అంటే 22 గంటల 40 నిమిషాలు. బీపీ, షుగర్ మందులు ఎన్ని, ఏ వేళకు వేసుకోవాలో ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని పట్టుబట్టి చెబుతున్నాను. మందులు చేతి సంచిలోనే పెట్టండి. వేళలు డాక్టరు చేత ముందే రాయించుకోండి.

7. అర్ధరాత్రి దాటిన విమానం: తేదీ సరిచూసుకోండి

శంషాబాద్ నుంచి విదేశాలకు వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య ఉంటాయి. మన ఇళ్లలో తెల్లవారితేనే రోజు మారుతుంది. టికెట్ లెక్కలో రాత్రి పన్నెండు దాటగానే మారిపోతుంది.

కొన్నేళ్ల క్రితం మా పెద్దమ్మ టికెట్ మీద 12వ తేదీ 01.10 అని ఉంది. టికెట్ తీసింది నేనే. ‘పన్నెండో తారీఖు రాత్రి పెద్దమ్మా’ అని చెప్పాను. 12న మధ్యాహ్నం పచ్చడి సీసాలు సర్దుతుండగా ఒకసారి టికెట్ తెరిచి చూస్తే, విమానం వెళ్లిపోయి అప్పటికే పన్నెండు గంటలైంది. టికెట్ డబ్బు మొత్తం పోయింది. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి మా ఇంట్లో క్యాలెండర్ మీద విమానం సమయం రాయం. ఇంటి నుంచి బయలుదేరే సమయం రాస్తాం. ఎలా రాయాలంటే:

- విమానం: 12వ తేదీ 01.10
- విమానాశ్రయంలో ఉండాల్సింది మూడు గంటల ముందు: 11వ తేదీ రాత్రి 10.10
- కూకట్‌పల్లిలో బయలుదేరాల్సింది: 11వ తేదీ రాత్రి 8.30

చివరి గీత ఒక్కటే క్యాలెండర్ మీదకు ఎక్కాలి. వర్జ్యం, రాహుకాలం చూసుకునేవాళ్లు దీనికంటే ముందుకు జరుపుకోండి, వెనక్కి వద్దు.

8. ఇంటి గుమ్మం నుంచి గుమ్మం దాకా

నిజమైన ప్రయాణ సమయం ఇదే. ఐదు భాగాలు కూడాలి: ఇంటి నుంచి శంషాబాద్, విమానాశ్రయం లోపల, టికెట్ సమయం, దిగాక బయటికి రావడం, అక్కడి రోడ్డు.

కూకట్‌పల్లి, మియాపూర్ వైపు వాళ్లకు ఔటర్ రింగు రోడ్డు నమ్మకమైన దారి. గంటా పావు పెట్టుకోండి, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ గచ్చిబౌలి చేరేసరికే ఆలస్యం కావచ్చు కాబట్టి ఇంకో అరగంట కలపండి. మెహిదీపట్నం వైపు వాళ్లకు ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, 11.6 కిలోమీటర్లు సిగ్నళ్లు లేకుండా సాగుతుంది. మెట్రో ఇంకా శంషాబాద్ దాకా లేదు. ఒక్కరే, సామాను తక్కువగా ఉంటే ఆర్టీసీ పుష్పక్ బస్సు మంచి ఎంపిక. కాకపోతే స్టాపులో ఎదురుచూసే సమయం కూడా లెక్కలో వేయాలి. వాన పడే రోజు ఏ దారైనా ఒక గంట అదనం.

దేశం లోపలి విమానానికి రెండు గంటల ముందు, విదేశాలకు మూడు గంటల ముందు చేరండి. దేశీయ విమానాలకు చాలా సంస్థలు సామాను కౌంటరును గంట ముందే మూసేస్తాయి, బోర్డింగ్ గేటును 25 నిమిషాల ముందు. ముఖం చూపించి లోపలికి వెళ్లనిచ్చే డిజీయాత్ర యాప్ ఉంటే లోపలికి వెళ్లేచోట లైను తగ్గుతుంది, సామాను ఇచ్చే లైను మాత్రం తగ్గదు.

కూకట్‌పల్లి నుంచి ఢిల్లీ: గంటా పావు, రెండు గంటలు, రెండుంపావు, దిగి సామాను తీసుకోవడానికి 40 నిమిషాలు, ఊళ్లోకి గంట. మొత్తం ఏడు గంటల పైనే.

ఇప్పుడు విజయవాడ చూడండి. ఆకాశంలో 265 కిలోమీటర్లు, విమానంలో గంట. ఎల్‌బీ నగర్‌లో ఉండేవాళ్లు శంషాబాద్‌కు గంట, లోపల గంటన్నర నుంచి రెండు, విమానం గంట, బయటికి అరగంట, గన్నవరం నుంచి ఊళ్లోకి 40 నిమిషాలు పెట్టుకోవాలి. దాదాపు ఐదు గంటలు. అదే ఎల్‌బీ నగర్‌లో కారెక్కితే, సూర్యాపేటలో టీ తాగి కూడా ఐదు గంటల ప్రాంతంలో విజయవాడలో ఉంటారు. పైగా విమానంలో వెళ్తే ముందు విజయవాడకు ఎదురు దిశలో ప్రయాణం మొదలుపెట్టాలి. ఇక్కడ విమానం దండగ అని నా అభిప్రాయం.

విశాఖకు అలా కాదు. వందే భారత్ ఎనిమిదిన్నర గంటలు పడుతుంది, స్టేషన్‌కు వెళ్లిరావడం అదనం. విమానంలో గుమ్మం నుంచి గుమ్మానికి ఐదు, ఐదున్నర గంటలు. మూడు నాలుగు గంటలు నిజంగానే మిగులుతాయి.

9. మధ్యలో మారాల్సి వస్తే

రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ కింద ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి విమానంలో సీటు చూసే బాధ్యత సాధారణంగా సంస్థదే. చవక అని విడివిడిగా టికెట్లు కొంటే ఆ భారం మీ మీదే పడుతుంది. సామాను తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ మొదటి నుంచి చెకిన్ చేయాలి. కొన్ని దేశాల్లో అందుకు వీసా కూడా కావాలి. విడి టికెట్లయితే మధ్యలో కనీసం నాలుగైదు గంటలు ఉంచండి. ఢిల్లీలో టెర్మినల్ మారాల్సి ఉంటే ఇంకా ఎక్కువ.

అమెరికా వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. మామూలుగా అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ ఉంటుంది, సామాను కూడా అక్కడే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. అక్కడి నుంచి ఇంకో విమానం ఉంటే మధ్యలో మూడు గంటలైనా ఉండాలి.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

‘డైరెక్ట్’ అంటే మధ్యలో ఆగదనుకోవడం. డైరెక్ట్ విమానం ఒకే నంబరుతో వెళ్తూ మధ్యలో ఒక ఊళ్లో ఆగవచ్చు. ‘నాన్ స్టాప్’ అని ఉందో లేదో చూడండి.

చేరే సమయం పక్కన చిన్నగా ఉండే ‘+1’ను గమనించకపోవడం. అది మరుసటి రోజని అర్థం. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు సమయంతో పాటు తేదీ, వారం కూడా పంపండి.

పోయినసారి సమయాన్నే ఈసారీ నమ్మడం. విమాన సంస్థల పట్టికలు మార్చి చివర, అక్టోబరు చివర మారుతుంటాయి. ముందే కొన్న టికెట్ల సమయాలూ జరగవచ్చు. ఆ సమాచారం టికెట్ తీసిన నంబరుకే వస్తుంది. ఏజెంటు తన నంబరు ఇచ్చి ఉంటే మీకు తెలియదు, మీ నంబరు పెట్టించుకోండి.

బయలుదేరే ముందురోజు చూసుకోవాల్సినవి

- విమానాశ్రయం కోడ్, టెర్మినల్ మరోసారి చూశాను
- టికెట్ మీది తేదీని రాత్రి పన్నెండు లెక్కతో సరిచూశాను
- మొత్తం ప్రయాణాన్ని మన సమయంలోకి మార్చి గంటలు రాసుకున్నాను
- మందులు, పత్రాలు చేతి సంచిలో ఉన్నాయి
- విమానం సమయం మారలేదని సంస్థ వెబ్‌సైట్‌లో చూశాను
- ఇంటి నుంచి బయలుదేరే తేదీ, వేళ క్యాలెండర్ మీద పెద్దక్షరాలతో రాశాను
- ఎక్కించేవాళ్లకూ, దింపుకునేవాళ్లకూ ఆ ఊరి సమయంలో వేళ, తేదీ, వారం పంపి, అందినట్టు జవాబు తీసుకున్నాను